కుందేలును ఇంటికి దెచ్చుకొనుటకు ముందు



వేసవి సెలవులు దగ్గరపడిన కొలది పిల్లలు కోరు కోరికలలో కుందేలుపిల్ల యొకటి. సంతవీథి మలుపున, తీర్థములయందు, గంపలో నాలుగైదు దూదియుండలవలె గూర్చుండి ముక్కు లదరించుచుండు నా పిల్లలను జూచి కరగని మనసుండదు. వెల స్వల్పము, అరపు లేదు, కుక్కవలె వీథిలో ద్రిప్పనక్కరలేదు, పిల్లివలె పాలగిన్నె జోలికి బోదు. ఇంతకంటె సులభమైన పెంపుడుజంతు వేమున్నదని తండ్రి యనును, పిల్లవాడు గంతులు వేయును, గంప యింటికి వచ్చును. పదిదినములైన పిమ్మట ఆ గంపను శుభ్రము చేయుచున్న దెవరని యడిగినచో ప్రత్యుత్తర మేమో మన చదువరులకు వేఱుగా జెప్పనక్కరలేదు.

కుందేలును గొనవచ్చునా యని యడుగు తల్లులకు ఒక్కమాటతో బదులు చెప్పుట సాధ్యము కాదు. కుందేలు చక్కని సహవాసి యనుటకు మాకు సందేహము లేదు. మనుష్యులను గుర్తుపట్టును, పిలిచిన వచ్చును, సంతోషము కలిగినపుడు గాలిలోనికి ఎగిరి మెలిదిరిగి దుముకును. కాని తనకు బాధ కలిగినచో కుక్కవలె మూలుగదు, పిల్లివలె అరవదు. తన్ను వేటాడి తిను జంతువుల నడుమ యుగయుగములుగా బ్రదికిన ప్రాణి యగుటచే, నీరసమును బయటికి గానరానీయకుండుట దాని స్వభావమైనది. కనుక దాని క్షేమమంతయు ఇంటివారి కన్నులలో నున్నది. ఇల్లంతయు గనిపెట్టి చూచుకొనగలిగిన చోటనే కుందేలు బ్రదుకును. ఒకరిమీద వదలివేసిన యింట మెల్లగా నశించును.

మొదట నొక భేదమును జెప్పవలెను. మెట్టచేలలో కాళ్ళసందునుండి చివుక్కున లేచి పరుగెత్తు చెవులపిల్లి వేఱు, అంగడిలో అమ్ము తెల్లకుందేలు వేఱు. తెలుగున రెంటిని గుందేలనియే యందుము గాని, రెండును ఒక జాతివి కావు. మన చెవులపిల్లి పొదచాటున నేలమీదనే పండుకొనును. దాని కూనలు పుట్టుకతోడనే కన్నులు దెఱచి, ఒడలినిండ బొచ్చుతో నుండును. పెంపుడుకుందేలునకు మూలము ఐరోపాఖండపు నైరృతిమూలనున్న స్పెయిను, పోర్చుగలు దేశముల యడవికుందేలు. అది బొరియలు త్రవ్వి గుంపుగా వసించును. దాని పిల్లలు బొచ్చు లేక, కన్నులు మూసికొని, ఎలుకపిల్లలవలె బుట్టును. మన పెద్దలు చందమామలో జూచినదియు, పంచతంత్రమున సింహమును బావిలో దుమికించినదియు చెవులపిల్లియే గాని యీ తెల్లనిది కాదు.

ఇది పుస్తకజ్ఞానము మాత్రమే యని తలపవలదు. చేలలో నొంటిగా గనబడిన చెవులపిల్లి కూనను పిల్లలు జాలిపడి యింటికి దెచ్చుట పల్లెలలో నున్నదే. తల్లి పగలెల్ల దూరముగా నుండి, చీకటిపడినవేళ వచ్చి పాలిచ్చి పోవును గాన, అట్టి కూన దిక్కులేనిది కాదు. దానిని దొరికిన చోటనే విడిచి రావలెను. పెంపకమున నది నిలువదు. అదిగాక 1972 సంవత్సరపు వన్యప్రాణి సంరక్షణచట్టము ననుసరించి చెవులపిల్లిని బట్టుటయు, ఇంట నుంచుకొనుటయు నేరము.

ఇక నంగటికుందేలు మాట. కొనదలచినచో ఎనిమిది వారములు నిండిన పిల్లను గొనవలెను. సంతగంపలలో నుండునవి తఱచుగా నాలుగైదు వారముల పసికూనలు. చిన్నవైనకొలది ముద్దుగొలుపునని వ్యాపారులు వానిని ముందుగనే తల్లిపాలనుండి విడదీయుదురు. అట్టివి క్రొత్తయింటికి వచ్చిన వారము పదిదినములకే విరేచనములై చచ్చుట సాధారణము. “మా చేతికి కుందేళ్ళు అచ్చిరావు” అని విచారించు నిల్లాండ్రు మన యెఱుకలోనే పలువు రున్నారు. అచ్చిరానిది వారి చేయి కాదు, ఆ పిల్లల వయస్సు.

ముక్కు తడిలేకయు, కన్నులు తేటగాను, చెవులలోపల గోధుమవన్నె పక్కులు లేకయు, తోకక్రింద శుభ్రముగాను ఉన్నదానిని ఏరుకొనవలెను. తెల్లకుందేలునకు కన్ను లెఱ్ఱగా నుండుట జబ్బు గాదు. వన్నెనిచ్చు పదార్థము లేకపోవుటచే లోపలి నెత్తురు కనబడుట మాత్రమే. అట్టి కన్నులు ఎండవెలుతురును సహింపలేవు గనుక నీడపట్టున నుంచవలెను. గుంపుగా బ్రదుకు జీవమగుటచే ఒంటిదానికంటె జంట సుఖముగా నుండును. అయితే మగవి రెండైనచో నెత్తురు గారునట్లు పోరాడును. ఆడుమగలైనచో నేమగునో ముందు జెప్పుదుము.

కుందేలు ఎనిమిది మొదలు పదియేండ్లవఱకు, బాగుగ జూచినచో నంతకు మించియు బ్రదుకును. కొనువా రీ లెక్కను వేసికొనరు. పదియేండ్ల బాలిక మారాము చేసి తెప్పించుకొన్న కుందేలు, ఆమె కళాశాలకు బోయి వసతిగృహమున నుండునాటికి ఇంట తల్లియొద్ద నుండును. కావున తల్లికి ఇష్టము లేని యింటికి కుందేలు రాగూడదు. ఈ సంగతి పిల్లలతో జెప్పుటకు వెనుదీయవలదని మేము నొక్కి చెప్పుచున్నాము. కొనిచ్చిన సంతోషము తండ్రిది, ఆడుకొన్న సంతోషము పిల్లలది, పెంటికలెత్తు పని యిల్లాలిది యగుట యేమి న్యాయము?

పని పంచుకొన్న యిండ్లును లేకపోలేదు. మే మెఱిగిన యొక కుటుంబమున తెల్లవాఱగనే గడ్డి తెచ్చుట తండ్రివంతు. నీళ్ళమూకుడు కడిగి నింపుట పెద్దపిల్లది. సాయంకాలము పెట్టె యూడ్చుట కొడుకుది. తల్లి ఆదివారమునాడు పచారీసామానులు తూచు చిన్న త్రాసులో దానిని గూర్చుండబెట్టి బరువు చూచి, గోడనున్న పంచాంగపు కాగితముమీద వ్రాయును. వసారాలో గూర్చుండు నాయనమ్మకు ఏ పనియు లేదు. తినుచున్నదా, పెంటికలు వేసినదా, ఎప్పటివలె లేచి తిరుగుచున్నదా యని రెండుపూటల జూచుట మాత్రమే. ఆ యింటి కుందేలు ఒకమారు గండము గడచి బ్రదికినది ఆ ముసలమ్మ చూపువలననే. ఉదయమున వేసిన గడ్డి యట్లే యున్నదని పది గంటలకు ఆమె చెప్పెను, పండ్రెండు గంటలకు వైద్యుని యొద్దనుండిరి.

పసిపిల్లల చేతికి కుందేలు నియ్యవచ్చునా యను ప్రశ్నకు మా ప్రత్యుత్తరము ఇయ్యరాదనియే. కుందేటి యెముకలు తేలికయైనవి, వెనుకకాళ్ళ కండలు మిక్కిలి బలమైనవి. భయపడి తన్నుకొన్నచో తన తన్నుతోడనే తన వెన్నెముక విరుగును. మఱియొక యింట ఏడేండ్ల బాలుడు ప్రేమతో నెత్తుకొని యుండగా, వీథిలో టపాకాయ మ్రోగినది. కుందేలు గింజుకొని క్రింద పడినది. వెనుకభాగము చచ్చువడి, రెండుదినములు ముంగాళ్ళతో నీడ్చుకొని యది చనిపోయినది. ఆ బాలుని తప్పేమియు లేదు. ఆ తరువాత చాలకాలమువఱ కతడు ఏ జంతువును ముట్టలేదు. ఆ దుఃఖమును బిడ్డకు గలుగనీయకుండుట పెద్దల చేతిలోని పని.

పిల్లలు నేలమీద చాపవేసికొని కూర్చుండవలెను. కుందేలే వారి యొద్దకు రావలెను. దాని కన్నులు తలకు ఇరుప్రక్కల నుండుటచే వెనుకవైపును జూడగలదు గాని, ముక్కునకు సరిగా నెదుటనున్నదానిని జూడలేదు. కనుక చేతిని ముక్కునెదుట జాపక, ప్రక్కనుండి నుదురు నిమురవలెను. పెద్దలు ఎత్తవలసి వచ్చినపుడు ఒకచేయి రొమ్ముక్రింద, ఒకచేయి పిరుదులక్రింద నుంచి తమ యొడలి కానించుకొనవలెను. చెవులు బట్టి యెత్తుట క్రూరము. దేహపు వేడిని బయటికి బంపు సన్నని రక్తనాళములు నిండిన యవయవమది. పట్టుకొనుటకు పిడి కాదు. ముట్టుకొన్న పిమ్మట పిల్లలు చేతులు కడుగుకొనవలెను. తామర, గజ్జి దానినుండి మనుష్యుల కంటవచ్చును. ఇంట నుబ్బసపు రోగి యున్నచో బొచ్చు, ఎండుగడ్డి దుమ్ము సరిపడునో లేదో ముందుగనే తెలిసికొనుట మంచిది.

ఆహార విషయమున మన దేశమున బ్రబలిన పొరపాట్ల కంతులేదు. బొమ్మలలో కుందేలు చేత క్యారెట్టు నుంచినవారు దానికి చేసిన హాని యింతంత గాదు. క్యారెట్టు తీపిదుంప; దానికది మనకు మిఠాయివంటిది. కుందేటి యన్నము గడ్డి. అది తిను దానిలో అయిదింట నాలుగువంతులకు తక్కువ గాకుండ గడ్డియే యుండవలెను, రేయింబవళ్ళు ఎదుట నుండవలెను. దీనికి రెండు కారణములు గలవు. దాని దంతములు బ్రదికినంతకాలము పెరుగుచునే యుండును. ముందుపండ్లు ఏడాదికి నాలుగంగుళముల వఱకు పెరుగును. గడ్డిని గంటలకొలది నమలుటచే నవి యరుగును. అరుగనిచో వంకరలు పోయి, బుగ్గను నాలుకను గీరి, నోటి కందనీయక చంపును. రెండవది, దాని ప్రేగులు ఎప్పుడును కదలుచుండవలెను. పీచు తగ్గినచో కదలిక మందగించును. లోపల గాలి చేరును. నొప్పిచే తినుట మానును. మానుటచే కదలిక మఱింత నిలిచిపోవును. కుందేలు వాంతి చేసికొనలేదు. ఒక రాత్రి గడచునప్పటికి ప్రాణము మీదికి వచ్చును.

గరిక, గినీగడ్డి, నేపియరుగడ్డి మన ప్రాంతములందు దొరకునవే. బాటప్రక్కల కుక్కలు తిరుగుచోటను, మందు చల్లిన చేలగట్లను గోసినది తేరాదు. యంత్రముతో గోసిన పచ్చికతునకలు కుప్పలో నుడికి పులియును గాన వానిని పెట్టరాదు. పచ్చిగడ్డి దొరకని దినములకు కొంత నీడన నెండబెట్టి దాచుకొనవచ్చును. వరిగడ్డి పఱపునకు బాగుగ నుండును గాని దానిలో సారము తక్కువ. గడ్డితోబాటు దినమునకు గుప్పెడాకులు: కొత్తిమీర, ముల్లంగి యాకు, క్యారెట్టు ఆకు, తులసి, మందారపు టాకులు. ఆకుకూరలకు పురుగుమందులు చల్లుదురు గనుక రెండు మూడు నీళ్ళ గడుగవలెను. పాలకూర, తోటకూర అప్పుడప్పుడు కొంచెముగా. క్యాబేజి వాయువు చేయునని మన వంటింట దెలిసినదే, దానికిని అంతే. గుళికలదాణా పెట్టువారు పెద్దకుందేటికి కిలో బరువునకు ఇరువదియైదు గ్రాములు మించనీయరాదు. జామముక్కయో, అరటిముక్కయో బొటనవ్రేలి గోరంత వారమునకు రెండుమారులు చాలును.

పాలన్నము, ఇడ్లీ, రొట్టె, బిస్కత్తు, శనగలు పనికిరావు. ఇక్కడ అత్తగారలకు మా మనవి యొకటి గలదు. ఇంటికి వచ్చిన యే ప్రాణికైనను అన్నము పెట్టక నోట ముద్ద దిగదు మన పెద్దవారికి. అది మన సంప్రదాయపు సొగసు. ఆ చేతితోనే చారెడు గరిక పెట్టినచో ఆ ప్రేమ దాని కడుపున విషము గాకుండును. ఉల్లి, వెల్లుల్లి, టమాటా యాకులు, బంగాళాదుంపల మొలకలు, గన్నేరు, జిల్లేడు, ఉమ్మెత్త, ఆముదపాకు, కుండీలలోని మనీప్లాంటు దాని నోటి కందరాదు. నీరు సీసాలకంటె మట్టిమూకుడులో బాగుగ ద్రాగును. రెండుకిలోల కుందేటికి దినమునకు పావులీటరు నీరు కావలసియుండవచ్చును, వేసవిలో నింకను ఎక్కువ.

క్రొత్తగా బెంచువారిని బెదరగొట్టు సంగతులు రెండున్నవి. ఒకటి, కుందేలు తన మలమును తానే తినుట. అది వేయునవి రెండు విధములు. గుండ్రని పొడిపెంటికలు మనము చూచునవి. రెండవవి మెత్తగా, చిన్న ద్రాక్షగుత్తివలె నుండి, అంధనాళమున బులిసి పోషకములు నిండినవి. వీనిని అది వచ్చినవి వచ్చినట్లే నోటితో నందుకొని మ్రింగును. ఆవు నెమరువేయుట యెట్టిదో కుందేటి కిదియు నట్టిదే; అసహ్యించుకొని మాన్పజూచినచో చిక్కిపోవును. రెండవది, ఒక్కొక్కనాడు మూత్ర మెఱ్ఱగా నుండుట. తిన్న యాకులలోని వన్నెచే నట్లగును. ఎఱుపు అంతటను సమముగా నుండి, కుందేలు చుఱుకుగా నున్నచో భయము లేదు. చుక్కలు చుక్కలుగా నెత్తురు గనబడినను, ముక్కుచు గూర్చున్నను వైద్యునికి జూపవలెను.

నివాసమునకు చిలుకపంజరములు, తీగెల అడుగుగల బోనులు తగవు. దాని పాదములకు కుక్కపాదమువలె మెత్తలు లేవు. బొచ్చు మాత్రమే యుండుటచే తీగెలమీద పుండ్లు పడును. ఆరడుగుల నిడివి, రెండడుగుల వెడల్పు, నిలుచుండి చెవులు నిక్కించుటకు తగిన యెత్తు గల చెక్కపెట్టె నిద్రకు చాలును. పగలు నాలుగైదు గంటలైన వసారాలో పరుగెత్తనీయవలెను. మేడమీద నుంచువారు కాకిని, పిల్లిని, పల్లెవారు ముంగిసను, పామును మఱువరాదు. ఇంటిలోపల నన్నిటికంటె బెద్ద శత్రువు విద్యుత్తీగ. సెల్‌ఫోను చార్జరు తీగను కొఱుకని కుందేలును మే మింతవఱకు జూడలేదు. తినుచునే పెంటికలు వేయుట దాని యలవాటు గనుక, మూలనొక పళ్ళెమున పాతకాగితములు పఱచి దానిప్రక్కనే గడ్డినుంచినచో కొలదిదినములకు అచ్చోటికే పోవ నేర్చుకొనును. ఊడ్చుపని సగము తగ్గును. ఆ పెంటికలను కుళ్ళబెట్టనక్కరలేకయే మల్లెకుండీలలో వేయవచ్చును; మొక్కలను మాడ్చదు. ఇల్లాలికి కుందేలు నేరుగా దీర్చు ఋణమిది యొక్కటే గాబోలు.

స్నానము మాత్రము చేయింపరాదు. తడిసిన బొచ్చు త్వరగా నాఱదు, భయముచేతనే ప్రాణము పోయిన సందర్భములు గలవు. మెత్తని కుంచెతో దువ్వుట చాలును.

మన తెలుగుదేశమున కుందేలునకు మహాశత్రువు వేసవి. చల్లని సీమలో బుట్టిన జాతి యది. పదునైదు మొదలు ఇరువదియొక్క డిగ్రీలవఱకు దానికి సుఖము. ముప్పది దాటినచో అపాయము మొదలగును. రెంటచింతల, రామగుండము వంటిచోట్ల వైశాఖజ్యేష్ఠములలో నలుబదియైదు డిగ్రీలు దాటుట మన మెఱిగినదే. మనవలె నది చెమర్చదు. కుక్కవలె రొప్పి చల్లబడలేదు. చెవులే దాని విసనకఱ్ఱలు. రేకులకప్పు క్రిందను, పడమటి గోడనానుకొనియు పెట్టె నుంచుట దానిని పెనముపై నుంచుటయే. పగటివేళ ఇంటిలో చల్లని గచ్చుగది యేదో దానిలోనికి మార్చవలెను. కిటికీకి వట్టివేళ్ళతడికయో తడిపిన గోనెపట్టయో కట్టి గాలి యాడనీయవలెను. ప్రక్కకు బొరలించిన పాతకుండలో దూరి పండుకొనుట దానికి మిక్కిలి యిష్టము. ఫ్రిజ్జులో గడ్డకట్టించిన నీళ్ళసీసాను తువాలులో జుట్టి ప్రక్కన నుంచినచో దాని కానుకొని పరుండును. కూలరు నెదురుగా బెట్టి గది తలుపులు మూయుట మేలు గాదు. గాలి వెడలు త్రోవ లేనిచో ఉక్క హెచ్చును.

చెవులు కాలుచు, నోరు తెఱచి యూపిరి తీయుచు, గడ్డము తడియై తూలిపడుచున్నచో వడదెబ్బ తగిలినదని యెఱుగవలెను. మంచునీటిలో ముంచరాదు, ఆ యదరుపాటే చంపును. చెవులను చల్లని నీటితో దడుపుచు, గాలి విసరుచు, వెంటనే వైద్యుని యొద్దకు గొనిపోవలెను.

వైద్యుడనగానే మఱియొక చిక్కు. మన పశువైద్యశాలలలో హెచ్చుగా వచ్చునవి ఆవులు, గేదెలు, మేకలు. కుందేళ్ళకు చికిత్స చేయు నలవాటున్నవారు ఊరిలో నెవరో కొనకముందే విచారించి, వారి టెలిఫోను సంఖ్య వంటింటి గోడమీద వ్రాసికొనవలెను. పండ్రెండు గంటలు తినకయు, పెంటికలు వేయకయు నున్నచో రేపు చూతమనుకొనరాదు. ఇంటనున్న మనుష్యుల మందులు వేయుట సాహసము. మన పిల్లలకు వైద్యులిచ్చు అమాక్సిసిలిన్ వంటి మందు నోట వేసినచో దాని ప్రేగులలోని మేలుచేయు సూక్ష్మజీవులు నశించి విరేచనములై చచ్చును. కుక్కల గోమార్లకు బూయు ఫిప్రోనిల్ అను మందు కుందేలునకు విషము. చెవులు గోకికొనుచు లోపల పక్కులు గట్టినచో పురుగు చేరినదన్నమాట. గిల్లి తీయవలదు, మందుతో దానంతట రాలిపోవును.

ఇక జంటమాట. నాలుగైదు నెలలకే కుందేలు సంతానయోగ్య మగును. గర్భము ముప్పది, ముప్పదియొక్క దినములు. ఈనుట నాలుగు మొదలు ఎనిమిది పిల్లలు, ఒక్కొక్కప్పుడు పండ్రెండు. ఈనిన దినముననే మరల చూలుకట్టగలదు. 1859లో ఆస్ట్రేలియాలోని విక్టోరియాసీమయందు ఒక భూస్వామి వేటవినోదమునకై కొలది కుందేళ్ళను విడిచిపెట్టగా, కొన్ని దశాబ్దములలో నవి ఖండమున విస్తారభాగమును గమ్మి పైరులను బీళ్ళను నాశనము చేసినవి. మన పెరడు ఖండము కాకపోయినను లెక్క మాత్ర మదియే.

ఈనుటకు ఒకటి రెండు దినములముందు తల్లి నోటినిండ గడ్డి కఱచుకొని మూలకు జేర్చును. పిమ్మట తన రొమ్ముమీది బొచ్చును తానే పీకి దానిపై బఱచును. చూచిన పిల్లలు దానికి తెగులు పట్టినదని యేడ్చుటయు గలదు. ఆ మెత్తని పడకలో కూనలను గప్పియుంచి తల్లి దూరముగా బోయి కూర్చుండును. దినమునకు ఒకటి రెండుమారులు మాత్రమే, అదియు రాత్రివేళనో వేకువనో, నాలుగైదు నిమిషములు పాలిచ్చి మరల దూరముగా బోవును. శత్రువులకు గూటిజాడ తెలియకుండుటకు ప్రకృతి నేర్పిన యుపాయమిది. పగలెల్ల చూచిన మన యిల్లాండ్రు “ఈ తల్లికి పిల్లలయందు జాలి లేదు” అని నిందించి, దూదితో ఆవుపాలు పిండుచు కూనలను జంపుకొందురు. ఉదయమున కూన పొట్ట గుండ్రముగా బిగిసియున్నచో తల్లి పాలిచ్చినదనియే యర్థము. ముడుతలు పడియున్నచో నప్పుడు వైద్యుని యడుగవలెను. పదిదినములకు కన్నులు తెఱచును, మూడువారములకు బయటికి వచ్చును.

పిల్లలు వలదనుకొనువారు ఆఱుమాసములు నిండిన పిదప శస్త్రచికిత్స చేయించుట మంచిది. మగవాని కింకను ముందే చేయవచ్చును. చేయింపని యాడుకుందేళ్ళకు మూడు నాలుగేండ్లు దాటిన పిమ్మట గర్భాశయమున కాన్సరు పుట్టుట మిక్కిలి సాధారణము గాన, ఇది సంతానమును మాన్పుట మాత్రమే గాదు. ముందుదినమున కుక్కలకువలె పస్తుంచమని యెవరైన జెప్పినచో వినవలదు. వాంతి లేని జంతువునకు పస్తు పనికిరాదు.

ఇంతయు జదివి యుత్సాహము తగ్గనివారికి మా సూచన యొకటి. కుందేలును గొనక ముందు ఇంటిలో నొక ఖాళీగంపను వసారామూల నుంచవలెను. పదునైదు దినములు ప్రతియుదయము పిల్లలు దానిలో చారెడు పచ్చగడ్డి వేయవలెను, ప్రక్కనున్న మూకుడు కడిగి నీరు నింపవలెను, సాయంకాలమున గడ్డినంతయు దీసి, గంప దులిపి, నేల తుడువవలెను. పెద్దలు గుర్తు చేయగూడదు. పరీక్షలనాడును, చుట్టములు వచ్చిననాడును, సినిమాకు బోయిననాడును ఆ పని నడువవలెను. తీసిన గడ్డిని పొరుగింటి యావునకు వేయవచ్చును. పదునాఱవనాటి యుదయమున ఎవరును జెప్పకయే గంపలో గడ్డి పడినచో, ఆనాడు బజారుకు బోవచ్చును.